చేపతోక లేని సముద్ర దేవతలు

హిమాలయాలు లేచిన చోట ఒకప్పుడు టెథిస్ అనే సముద్రం ఉండేదని స్కూలు భూగోళంలో చదవనివాళ్లు తక్కువ. ఆ పేరు పెట్టింది ఆస్ట్రియా భూగర్భ శాస్త్రవేత్త ఎడువర్డ్ స్యూస్, 1893లో. మాయమైపోయిన సముద్రానికి ఆయన ఒక పాత గ్రీకు దేవత పేరు ఎంచుకున్నాడు. ఆకాశానికీ భూమికీ పుట్టిన టైటన్లు అనే తొలితరం దేవతల్లో టెథిస్ ఒకతె. లోకం చుట్టూ పారే ఒకియానస్‌కు ఆమె భార్య, నదులన్నిటికీ తల్లి. పాత గ్రీకు కవి హెసియడ్ లెక్కలో ఆ దంపతుల కూతుళ్లే మూడు వేలమంది.

ఈ టెథిస్‌నూ, ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్ తల్లి థెటిస్‌నూ ఒకరే అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఒత్తు ఎక్కడ పడిందో చూస్తే చాలు, వేరని తెలుస్తుంది. ఒకియానస్, టెథిస్‌ల కూతురు డోరిస్. డోరిస్‌కూ, సముద్రపు ముసలాయన నెరియస్‌కూ పుట్టినవాళ్లు నెరీయిడ్‌లు, యాభైమంది. వాళ్లలో ఒకతె థెటిస్. అంటే టెథిస్ అమ్మమ్మ, థెటిస్ మనవరాలు. సముద్రాన్ని ఏలే పొసైడన్ భార్య ఆంఫిట్రిటే కూడా హెసియడ్ ప్రకారం ఈ యాభైమందిలోనిదే, థెటిస్‌కు తోడబుట్టినదే.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఆకారం విషయంలో జరుగుతుంది. సముద్ర దేవత అనగానే నడుము కింద చేపతోక ఉన్న మత్స్యకన్య కళ్లముందు మెదులుతుంది. ఆ తోక కోసం గ్రీకు కుండలమీద వెతికితే దొరికేది మగవాళ్లకి. పొసైడన్, ఆంఫిట్రిటేల కొడుకు ట్రైటన్‌కి ఉంటుంది, పాత బొమ్మల్లో నెరియస్‌కీ ఒకియానస్‌కీ ఉంటుంది. ఆడవాళ్లకి మాత్రం కాళ్లుంటాయి. బ్రిటిష్ మ్యూజియంలో సోఫిలోస్ అనే ఏథెన్స్ చిత్రకారుడు సంతకం చేసిన డైనోస్ ఉంది. అది వైనులో నీళ్లు కలపడానికి వాడే పెద్ద గుండ్రటి పాత్ర, సుమారు క్రీ.పూ. 580 నాటిది. దానిమీద పీలియస్, థెటిస్‌ల పెళ్లికి దేవతలు ఊరేగింపుగా వస్తుంటారు. ఆ వరసలో ఒకియానస్‌కు నెత్తిన ఎద్దు కొమ్ము, నడుము కింద పొడుగాటి చేప శరీరం, చేతుల్లో పామూ చేపా. ఆయన భార్య టెథిస్ మాత్రం అదే వరసలో నిండా బట్టలు కట్టుకుని, మిగతా ఆడవాళ్లలాగే నడిచి వస్తోంది. ఒకే కుటుంబం, ఒకే కుండ. సముద్రం మొగుడి ఒంట్లో కనిపిస్తుంది, పెళ్లాం ఒంట్లో కనిపించదు.

మినహాయింపులు లేకపోలేదు. గ్రీసు అంతా తిరిగి చూసి రాసిన పౌసానియస్ (క్రీ.శ. 2వ శతాబ్దం) ఆర్కేడియాలో ఫిగాలియా దగ్గర యూరినోమే అనే దేవత గుడి గురించి చెబుతాడు. అక్కడి పాత కొయ్య విగ్రహానికి పైభాగం స్త్రీ, కింది భాగం చేప, ఒంటిమీద బంగారు గొలుసులు. ఆ గుడి తలుపు ఏడాదికి ఒక్కరోజే తీస్తారు. ఆయన వెళ్లింది ఆ రోజున కాదు, అందుకని స్థానికుల మాటే రాసుకున్నాడు. రెండోది స్కిల్లా అనే సముద్ర రాక్షసి. హోమర్ కావ్యం ఒడిస్సీలో ఆమెకు పన్నెండు కాళ్లు, ఆరు తలలు, తలకు మూడేసి వరసల పళ్లు. అంత గజిబిజిని బొమ్మ కట్టలేక కళాకారులు వేరే రూపం తయారుచేసుకున్నారు: పైన ఆడమనిషి, కింద చేపతోక, నడుము చుట్టూ కుక్కల తలలు. కానీ స్కిల్లాకి భయపడేవాళ్లే గాని మొక్కేవాళ్లు లేరు. ఇక పాటతో నావికులను లాగే సైరన్లు అసలు చేపలే కాదు. గ్రీకు కళలో వాళ్లది పక్షి ఒళ్లు, ఆడమనిషి తల. వాళ్లకు చేపతోక మధ్యయుగాల్లో వచ్చి చేరింది.

తోక లేనప్పుడు ఆమె సముద్ర దేవత అని ఎలా చెప్పాలి? మొదటి ఆధారం పేరు.

హెసియడ్ ఇచ్చిన నెరీయిడ్‌ల పట్టీని దేవతల జాబితాగా చదివితే విసుగు పుడుతుంది. పడవవాళ్ల మాటలుగా చదివితే ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. కైమో అంటే అల. గలేనే అంటే గాలి పడిపోయి నీళ్లు అద్దంలా నిలిచిన వేళ. యూలిమెనే మంచి రేవు, సమతే ఇసుక, ఆక్టయే ఒడ్డు, నెసయే దీవి, పొంటోపొరియా సముద్రం దాటించేది. ఓడ బయల్దేరిన దగ్గరనుంచి తిరిగి ఒడ్డు తాకేదాకా కావలసినవన్నీ అందులో ఉన్నాయి. యాభై అని హెసియడే లెక్క చెబుతాడు, కానీ లెక్కపెట్టేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. 'థోయే' అనే మాట ఒక నెరీయిడ్ పేరా, లేక పక్కనున్న స్పెయోకి 'చురుకైన' అనే విశేషణమా? ఎలా తీసుకుంటే అలా లెక్క మారుతుంది. ఇలియడ్ పద్దెనిమిదో భాగంలో, స్నేహితుడు పట్రోక్లస్ చనిపోయాడని అకిలీస్ గొంతెత్తి ఏడ్చినప్పుడు, సముద్రం అడుగున థెటిస్ చుట్టూ చేరినవాళ్లలో 33 మందికే హోమర్ పేర్లు చెబుతాడు. అక్కడ థోయే పేరుగానే వస్తుంది.

ఆంఫిట్రిటే సంగతి ఇంకా విచిత్రం. ఒడిస్సీలో ఆమె మనిషిలా నడిచి వచ్చే సన్నివేశం ఒక్కటీ లేదు. ఆమె అలలు రాళ్లకు కొట్టుకుంటాయి, ఆమె పెద్ద చేపలను సాకుతుంది. ఆ పేరు తీసి అక్కడ 'సముద్రం' అని పెట్టినా వాక్యం చెడదు. నెరీయిడ్‌లు సముద్రంలో ఉండే దేవతలు కారు, సముద్రమే వాళ్లు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కళలో వాళ్లు ఎందుకలా కనిపిస్తారో అన్న చిక్కు విడిపోతుంది. దేవతే నీళ్లయినప్పుడు చిత్రకారుడు మళ్లీ వేరే నీళ్లు గీయక్కర్లేదు.

ఇది కవుల ఊహ మాత్రమే కాదని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాసిన ఒక ఘటన చూపిస్తుంది. క్రీ.పూ. 480లో పర్షియా రాజు జెర్క్సీస్ నౌకాదళం థెస్సలీ తీరంలో సెపియాస్ అనే భూశిరం దగ్గర తుఫానులో చిక్కుకుంది. తక్కువ లెక్క వేసినా 400 ఓడలు పోయాయంటాడు. మూడు రోజులు గాలి ఆగలేదు. పీలియస్ థెటిస్‌ను ఎత్తుకుపోయింది ఈ చోటునుంచేనని అయోనియన్లు చెబితే, పర్షియా పూజారులైన మాగీలు ఆమెకూ నెరీయిడ్‌లకూ బలులిచ్చారు. నాలుగో రోజున గాలి తగ్గింది. 'లేక దానంతట అదే తగ్గిందేమో' అని కూడా హెరొడొటస్ కలిపాడు. పరాయి దేశపు పూజారి సైతం ఫలానా భూశిరానికి ఫలానా దేవత అని తెలుసుకుని మొక్కాడంటే, ఆ తీరంలో ఆ నమ్మకం ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఇక థెటిస్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే గ్రీకు కుండలమీద అందరికన్నా ఎక్కువసార్లు కనిపించే సముద్ర దేవత ఆమె. ఆమెకు పుట్టే కొడుకు తండ్రిని మించినవాడవుతాడని జోస్యం ఉంది. దేవతల రాజు జ్యూస్, పొసైడన్ ఇద్దరూ ఆమెను కోరుకుని, ఆ మాట విన్నాక వెనక్కి తగ్గారు. కొడుకు మించిపోయినా లోకానికి ప్రమాదం లేకుండా ఆమెను మనిషికి కట్టబెట్టాలని దేవతలు నిర్ణయించారు. గ్రీకు కవి పిండార్ పాటలో ఈ కథ వివరంగా ఉంది. ఆ మనిషి పీలియస్. అయితే ఆమె ఒప్పుకోలేదు. పట్టుకుంటే నిప్పవుతుంది, నీళ్లవుతుంది, సింహమవుతుంది, పామవుతుంది. వదలకుండా పట్టుకుని ఉండడమే అతను చేయవలసింది.

కాలంలో ఒకదాని తర్వాత ఒకటిగా జరిగేదాన్ని కదలని బొమ్మలో ఎలా చూపించాలి? దీనికి చిత్రకారులు కనిపెట్టిన ఉపాయం బెర్లిన్‌లో ఉన్న ఒక వైను గిన్నెలో స్పష్టంగా కనిపిస్తుంది. పెయ్థినోస్ అనేవాడు సంతకం చేసిన ఈ గిన్నె సుమారు క్రీ.పూ. 500 నాటిది, ఇటలీలోని వుల్చీలో దొరికింది. గిన్నె లోపలి గుండ్రంలో పీలియస్ వంగి థెటిస్ నడుమును రెండు చేతులతో చుట్టేశాడు. అతని వేళ్లు ఒకదానిలో ఒకటి దూరి, గుడి అంచుల్లో చెక్కే మెలికల పట్టీలా బిగుసుకున్నాయి. చూపు నేరుగా ఆ ముడిమీదే పడుతుంది. థెటిస్ మారలేదు, మడతల చీరలాంటి బట్టలో నిటారుగా నిలబడి ఉంది. మారినవన్నీ చిన్న చిన్న జంతువులుగా చుట్టూ ఉన్నాయి: పీలియస్ ఒంటికి చుట్టుకున్న పాములు, బొమ్మ పిల్లంత సింహం. వీటిని ఆమె పెంపుడు జంతువులనో, ఆమె సాయానికి వచ్చినవనో అనుకుంటే కథ తప్పిపోతుంది. అవి ఆమే. ఒక్కో జంతువు ఒక్కో క్షణం. చిన్నవిగా వేసింది దూరాన ఉన్నాయని చెప్పడానికి కాదు, అసలు మనిషి ఎవరో మరుగున పడకూడదని.

పట్టు దొరకనిది సముద్రం. ఆ మాటను ఇంత సూటిగా చూపిన బొమ్మ మరొకటి దొరకడం కష్టం.

అదే కథ నూట యాభై ఏళ్ల తర్వాత ఎంత మారిందో రోడ్స్ దీవిలోని కమెయిరోస్‌లో దొరికిన ఒక పెలికె జాడీమీద చూడొచ్చు. ఇది సుమారు క్రీ.పూ. 360-350 నాటిది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇందులో థెటిస్ నగ్నంగా, స్నానం చేస్తూ ఒదిగి కూర్చుని ఉంది, ఆమె ఒళ్లు తెల్లరంగులో మెరుస్తుంది. పీలియస్ కాలిని ఒక కీటోస్, అంటే పాములాంటి సముద్ర మృగం, చుట్టుకుని కరుస్తోంది. రూపం మార్చే శక్తి ఒక మృగానికి కుదించుకుపోయింది, చూపరి కన్ను ఆడమనిషి ఒంటిమీదికి మళ్లింది. క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచి నెరీయిడ్‌లందరి విషయంలోనూ జరిగింది ఇదే. అందుకే బట్టలను బట్టి కూడా బొమ్మ కాలాన్ని సుమారుగా అంచనా వేయొచ్చు.

పెళ్లి తర్వాతి కథలో తెలుగు పాఠకులకు గంగా శంతనులు గుర్తురాక మానరు. బిడ్డను అమరుడిని చేయాలని థెటిస్ రాత్రుళ్లు నిప్పులో ఉంచి, పగలు అమృతం పూసేది. పీలియస్ అది చూసి కేకపెట్టాడు. ఆమె బిడ్డను వదిలేసి సముద్రంలోకి వెళ్లిపోయింది, మళ్లీ ఆ ఇంటికి రాలేదు. అపొలోనియస్ రాసిన ఆర్గోనాటికాలో కథ ఇలాగే ఉంది. మడమ పట్టుకుని పాతాళపు స్టిక్స్ నదిలో ముంచిందన్న కథ మనకు మొదట కనిపించేది క్రీ.శ. 1వ శతాబ్దపు లాటిన్ కవి స్టేషియస్ దగ్గర. కాబట్టి పాత గ్రీకు కుండలమీద ఆ దృశ్యం కోసం వెతకడం వృథా.

కుండమీది బొమ్మను గుర్తుపట్టడానికి ఇంకొన్ని పట్టులున్నాయి. నలుపు బొమ్మల పద్ధతిలో మగవాళ్ల ఒళ్లు నల్లగా వదిలేసి, ఆడవాళ్ల ముఖానికీ చేతులకూ పాదాలకూ ఆ నలుపుమీద తెల్లరంగు పూసేవారు. ఈ తెలుపు గట్టిగా అంటుకోదు. శతాబ్దాలు గడిచేసరికి రాలిపోయి కింది నలుపు బయటపడుతుంది, దేవత మగవాడిలా కనిపిస్తుంది. అప్పుడు కన్ను చూడాలి: మగవాళ్లకు గుండ్రటి కన్ను, ఆడవాళ్లకు బాదంకాయలాంటి కన్ను గీసేవారు. పేరు రాసి ఉంటే అది చాలాసార్లు బొమ్మ తల దగ్గర మొదలవుతుంది. బొమ్మ ఎడమవైపు తిరిగి ఉంటే అక్షరాలు కుడినుంచి ఎడమకు పోతాయి. ఎడమనుంచే చదువుకుంటూ పోతే అర్థంలేని మాట వస్తుంది.

పేరు లేకపోతే చేతిలో ఏముందో చూడాలి. పారిపోతున్న ఆడపిల్లల గుంపు ఎవరిదైనా కావచ్చు. ఒక్కరి చేతిలో చిన్న డాల్ఫిన్ ఉంటే మాత్రం వాళ్లు నెరీయిడ్‌లు, పరుగెడుతున్నది తండ్రి నెరియస్ దగ్గరికి, పీలియస్ వచ్చాడని చెప్పడానికి. ఆంఫిట్రిటే ఆనవాలు వేరు. ఆమె రాణి గనక కూర్చుని ఉంటుంది, లేదా పొసైడన్ పక్కన రథంలో ఉంటుంది. కొరింత్ దగ్గర పెంటెస్కూఫియాలో 1879లో బయటపడిన మట్టి పలకలమీద ఆ జంట పదేపదే కనిపిస్తుంది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో భక్తులు పొసైడన్‌కు మొక్కుగా ఇచ్చినవి అవి.

ఆమె బొమ్మల్లో అన్నిటికన్నా అందమైనది పారిస్ లూవ్ర్‌లో ఉన్న గిన్నె. కుమ్మరి యూఫ్రోనియోస్, చిత్రకారుడు ఒనెసిమోస్, కాలం సుమారు క్రీ.పూ. 500-490. క్రీటు రాజు మైనోస్ ఉంగరాన్ని సముద్రంలో పారేసి, 'నువ్వు పొసైడన్ కొడుకువైతే తెచ్చి చూపించు' అని ఏథెన్స్ వీరుడు థీసియస్‌కు సవాలు విసిరాడు. థీసియస్ దూకాడు. గిన్నెలో ఆ కుర్రాడి పాదాల కింద చిన్న ట్రైటన్ చేతులు పట్టి మోస్తున్నాడు, మధ్యలో ఏథెన్స్ దేవత ఎథీనా నిలబడి ఉంది, ఎదురుగా ఆంఫిట్రిటే కూర్చుని అతనివైపు చేయి చాపుతోంది. చుట్టూ డాల్ఫిన్లు ఈదుతున్నాయి. నీటిగీత ఒక్కటీ లేదు. ఆ కొద్దిపాటి డాల్ఫిన్లు లేకపోతే ఇది ఏదో ఇంట్లో పలకరింపులాగే ఉండేది. కవి బాకిలిడీస్ పాటలో ఆమె అతనికి ఊదా వస్త్రమూ గులాబీల దండా ఇస్తుంది, ఉంగరం మాట మళ్లీ రాదు. సవతి కొడుకును ఆమె ఇలా ఆదరించడం గ్రీకు కథల్లో అరుదు.

శిల్పంలో గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే ముందు విరిగేది చేతులే, చేతులతోపాటు ఆనవాళ్లూ పోతాయి. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి పశ్చిమ ముఖంలో ఎథీనాకూ పొసైడన్‌కూ జరిగిన పోటీ శిల్పాలు చెక్కారు (క్రీ.పూ. 438-432). అందులో పొసైడన్ రథం తోలే స్త్రీని ఆంఫిట్రిటే అంటారు. గుడిని దెబ్బతీసిన 1687 పేలుడుకు ముందు, 1674లో వేసిన డ్రాయింగుల్లో ఆమె కింద సముద్ర జంతువు కనిపించడం అందుకు పెద్ద ఆధారం. తూర్పు ముఖంలో మరొకరి ఒడిలో ఒరిగిన స్త్రీని ఎక్కువమంది ఆఫ్రొడైటీ అంటే, భూమి ఒడిలో ఒరిగిన సముద్రం, థలస్సా, అని కొందరు చదివారు. అక్కడ తేల్చే జంతువూ లేదు, పేరూ లేదు. పెర్గమోన్ బలిపీఠం (క్రీ.పూ. 2వ శతాబ్దం) చెక్కినవాళ్లు ఈ ఇబ్బంది లేకుండా దేవతల పేర్లు పైఅంచున చెక్కారు. మెట్ల పక్కన వాయవ్య భాగమంతా ఈ కుటుంబానిదే: ట్రైటన్, ఆంఫిట్రిటే, నెరియస్, డోరిస్, ఒకియానస్, టెథిస్ రాక్షసులతో పోరాడుతుంటారు. అక్కడ కూడా చేప ఒళ్లు ట్రైటన్‌దే, అతని తల్లి ఆంఫిట్రిటే మనిషిలాగే ఉంటుంది.

కాళ్ల కింద చూడాలన్న పాఠం అందరికన్నా బాగా నేర్పేది క్సాంథోస్ నెరీయిడ్ స్మారకం. ఇది ఇప్పటి టర్కీలోని లిసియా ప్రాంతంలో సుమారు క్రీ.పూ. 390-380లో అర్బినాస్ అనే పాలకుడికి కట్టిన సమాధి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎత్తైన దిమ్మెమీద చిన్న గుడిలా కట్టి, స్తంభాల మధ్య పరుగెత్తే ఆడవాళ్ల విగ్రహాలు నిలిపారు. ఎదురుగాలికి బట్ట ఒంటికి తడిగుడ్డలా అతుక్కుని, వెనక తెరచాపలా ఉబ్బుతుంది. తలలూ చేతులూ చాలావరకు పోయాయి. గాలి దేవతలు అనాలా, నెరీయిడ్‌లు అనాలా అన్న ప్రశ్నకు జవాబు పాదాల దగ్గర ఉంది: డాల్ఫిన్, పీత, నీటిపక్షి. వాళ్లు పరుగెత్తేది నీళ్లమీద. లిసియా వాళ్లకు సొంతంగా ఎలియాన అనే జలదేవతలు ఉండేవారు. 1973లో లెటోన్‌లో దొరికిన మూడు భాషల శాసనంలో గ్రీకు వైపు 'నింఫ్‌లు' అన్నచోట లిసియన్ వైపు ఆ పేరే ఉంది. గ్రీకు రూపంలో చెక్కినా, అక్కడి జనం చూసుకున్నది తమ దేవతలనే అయ్యుండొచ్చు.

సమాధికి సముద్ర దేవతలెందుకు? చావబోయే కొడుకుకు ఆయుధాలు మోసుకెళ్లిన తల్లీ, ఆమె చెల్లెళ్లూ వాళ్లు. హోమర్ కథలో ఆయుధాలు తెచ్చేది థెటిస్ ఒక్కతే. కళాకారులు మాత్రం ఒక్కో నెరీయిడ్ చేతిలో ఒక్కొక్కటి, శిరస్త్రాణం, డాలు, ఈటె పెట్టి, డాల్ఫిన్లమీదా సముద్రపు గుర్రాలమీదా బారుగా పంపారు. మాసిడోనియా రాజు ఫిలిప్ క్రీ.పూ. 348లో నాశనం చేసిన ఒలింథోస్ ఊళ్లో, ఒక ఇంటి నేలమీద గులకరాళ్లతో వేసిన బొమ్మ ఇదే. తర్వాత రోమన్ల శవపేటికలమీద నెరీయిడ్‌ల సవారీ మామూలైపోయింది. కానీ అప్పటికి ఆయుధాలు చాలాచోట్ల జారిపోయి, ఉల్లాసమే మిగిలింది.

ల్యూకోథియా అనే సముద్ర దేవత ఈ కుటుంబానికి చెందదు. ఆమె పుట్టుకతో మనిషి, కాడ్మస్ కూతురు ఐనో. కొడుకుతో సముద్రంలో దూకి దేవతైంది. తెప్ప విరిగిపోతున్న ఒడిస్సియస్‌కు నీటిపక్షిలా వచ్చి తన తలగుడ్డ ఇచ్చి, ఛాతీ కింద కట్టుకోమంది. ఒడ్డు తాకగానే ముఖం పక్కకు తిప్పుకుని దాన్ని తిరిగి నీళ్లలో వేయమని షరతు పెట్టింది. మనిషి దేవతైతే పూజ ఎలా చేయాలన్నది ఎలియా ఊరివాళ్ల సందేహం: బలి ఇవ్వాలా, ఏడవాలా? తత్వవేత్త క్సెనోఫనీస్ చెప్పిన జవాబును అరిస్టాటిల్ భద్రపరిచాడు: దేవత అనుకుంటే ఏడవకండి, మనిషి అనుకుంటే బలి ఇవ్వకండి.

చివరి దశ మొజాయిక్‌లది. రోమన్ల కాలంలో తూర్పు నగరాల్లో, ముఖ్యంగా ఆంటియోక్ చుట్టుపక్కల ఇళ్లలో, స్నానశాలల్లో, భోజనశాలల్లో, కొలనుల అడుగున టెథిస్ ముఖం పెద్దదిగా పరిచేవారు. నుదుటిమీద రెండు చిన్న రెక్కలు, మెడ దగ్గర కీటోస్, భుజాన చుక్కాని ఉంటే ఆమె టెథిస్. క్రమంగా ఆ స్థానంలోకి థలస్సా వచ్చింది, పేరు ఊరికే 'సముద్రం'. ఆర్మేనియాలోని గార్నీ స్నానశాలలో ఒకియానస్, థలస్సాల చుట్టూ పేర్లతో సహా నెరీయిడ్‌లు ఉన్నారు. మధ్యలో గ్రీకులో ఒక వాక్యం: 'ఏమీ పుచ్చుకోకుండా పనిచేశాం.'

జోర్డాన్‌లోని మదబాలో అపొస్తలుల చర్చి నేలమీద, క్రీ.శ. 578లో, సలామనియోస్ అనే మొజాయిక్ పనివాడు ఆమెను మళ్లీ చేశాడు. అలల్లోంచి నడుము దాకా లేచిన స్త్రీ, చేతిలో చుక్కాని, చుట్టూ చేపలు, పక్కన థలస్సా అని పేరు. అప్పటికి ఆమెకు మొక్కేవాళ్లు లేరు. బొమ్మ చుట్టూ గుండ్రంగా రాసిన ప్రార్థన భూమ్యాకాశాలను చేసిన ప్రభువుకు: అనస్తాసియస్‌కూ, థామస్‌కూ, థియోడోరాకూ, ఈ మొజాయిక్ చేసిన సలామనియోస్‌కూ ఆయుష్షు ఇమ్మని.